చీలమండ లోతు చేప

మా బావ గాలం విసిరితే చూసి తీరాలి. పన్నెండడుగుల కర్ర పట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేసి, పరిగెత్తుకొచ్చి, ఒళ్లంతా విల్లులా వంచి విసురుతాడు. సీసపు గుండు రెండు వరసల అలలు దాటి ఎక్కడో పడుతుంది. పడీ పడగానే వెనక్కి తిరిగి, నేను చూశానో లేదో చూసుకుంటాడు. నేనేమో మోకాళ్ల దాకా కూడా దిగను. అల వెనక్కి పోతూ వదిలిన నురుగులో, నాలుగు బారల దూరంలో ఎర జారవిడుస్తాను.

"అక్కడేముంటుందిరా, నీ కాళ్లు తప్ప" అంటాడు.

నా కాళ్ల దగ్గరే ఉంటుంది బావా. ఎన్నేళ్లుగానో చెబుతున్నాను, వినడు.

మేమిద్దరం వెళ్లేది శాండ్ వైటింగ్ కోసం. శాస్త్రం పేరు సిల్లాగో సిలియాటా. ఆస్ట్రేలియా తూర్పు తీరం పొడుగునా, ఉత్తరాన కేప్ యార్క్ మొదలుకుని దక్షిణాన విక్టోరియా తూర్పు కొస, టాస్మానియా దాకా ఇసుక ఉన్నచోటల్లా ఇది ఉంటుంది. బాగా పెరిగితే అర మీటరు పొడుగు, కిలో పైచిలుకు బరువు. మాకు పడేవి మాత్రం జానెడు మీద కాస్త. మూతి కోసుగా, ఒళ్లు గుండ్రంగా, వీపు తడి ఇసుక రంగులో, పొట్ట వెండిలా ఉంటుంది. మొప్ప పక్కనున్న రెక్క మొదట్లో నల్లటి మచ్చ, కింది రెక్కల్లో పసుపు జీర. ఎండలో పలచటి నీళ్లలోకి చూస్తే చేప కనపడదు, దాని నీడ కనపడుతుంది. నీడ కదిలిందంటే పైన చేప ఉన్నట్టు. తరుముకొస్తే ఇసుకలో దూరి దాక్కుంటుంది కూడా. వల లాగేవాళ్లు దాన్ని చుట్టేశాం అనుకుంటారు, అది వల అంచు కింద ఇసుకలో పడుకుని ఉంటుంది.

నిజం చెప్పొద్దూ, మొదట్లో నేనూ బావలాగే విసిరేవాణ్ని. సముద్రం అంత పెద్దది కదా, మంచివన్నీ దూరంగానే ఉంటాయనుకునేవాణ్ని. గోల్డ్‌కోస్ట్ వైపు ఒక తెల్లవారుజామున నడుము లోతులో నిలబడి విసురుతున్నాను. ఒక ముసలాయన, మోకాలు పైకి మడిచిన ప్యాంటూ చేతిలో చిన్న కర్రా, నా వెనక గట్టున ఆగి కాసేపు చూశాడు. ముందు నీళ్లలోంచి బయటికి రమ్మన్నాడు. ఎందుకన్నాను. నువ్వు చేపల మీద నిలబడ్డావు అన్నాడు.

అందులో వెటకారమేమీ లేదని తర్వాత తెలిసింది. పోటు ఎక్కుతున్నప్పుడు, అంతదాకా ఎండకు ఆరిన ఇసుకను నీళ్లు కొత్తగా కమ్ముతాయి. ఆ ఇసుకలో పురుగులుంటాయి, పిప్పీలనే ఆల్చిప్పలుంటాయి, రొయ్య జాతి పిల్ల జీవాలుంటాయి. విరిగిన అల అడుగునంతా కెలుకుతుంది. వైటింగ్ ఆ అలతో పాటే ఒడ్డుకు వస్తుంది. కిందికి తెరుచుకుని ముందుకు సాగే చిన్న నోరు దానిది. ఇసుకలోకి గుచ్చి వెతుక్కోవడానికి పనికొస్తుంది గానీ గబుక్కున మింగడానికి పనికిరాదు. పెద్ద చేపలు అంత పలచటి నీళ్లలోకి రావడానికి జంకుతాయి. అందుకే మేతా అక్కడే, కాస్త భద్రతా అక్కడే. ఒడ్డుకీ మొదటి ఇసుక తిన్నెకీ మధ్య సన్నటి కాలవ ఒకటి ఉంటుంది, ఇక్కడివాళ్లు గట్టర్ అంటారు. నీళ్లు కాస్త ముదురు రంగులో కనపడితే అదే. వైటింగ్ రాకపోకలు ఎక్కువగా దాంట్లోనే. బావ సీసపు గుండు రోజూ ఆ కాలవ నెత్తిన ఎగిరి పోతుంది.

ఎర సంగతి ఇంకా బాగుంటుంది. బీచ్ పురుగుని పట్టడం చూడని వాళ్లకి చెబితే కట్టుకథనుకుంటారు. ఆటు బాగా తీశాక, అల వచ్చి వెనక్కి జారే వాలులో, కుళ్లిన చేప ముక్కలున్న సంచిని తాడుకట్టి ఇటూ అటూ ఈడ్వాలి. ఆ వాసనకి ఇసుకలోంచి పురుగు తల బయటికి వస్తుంది. తల అంటే అగ్గిపుల్ల మొనంత. జారుతున్న నీళ్లు దానికి తగిలి రెండుగా చీలి చిన్న గీతలు పడతాయి, కంటికి ఆనేది అవే. మెల్లగా వంగి, పిప్పీ మాంసం దాని నోటి దగ్గర పెట్టాలి. అది పట్టుకుని లాగుతుంది. అప్పుడే తొందరపడకూడదు. గట్టిగా కొరకడానికి అది మెడ విల్లులా వంచుతుంది. సరిగ్గా ఆ క్షణంలో బొటనవేలూ చూపుడువేలూ ఇసుకలో రెండు పక్కలా దించి ఒక్కసారి బిగించాలి. ఆ క్షణం కంటే ముందైతే పోయింది, తర్వాతైతే పోయింది. పట్టు దొరికితే తాపీగా, ఆపకుండా లాగాలి. వస్తూనే ఉంటుంది. రెండు మీటర్లున్నవీ ఉంటాయి. మొదటి నాలుగు వారాలు నాకు ఒక్కటీ దొరకలేదు. ముసలాయన నా పక్కనే ఏడు తీసి, నా మొహం చూసి రెండు నాకిచ్చాడు.

రెండు మీటర్ల ప్రాణి, వేలెడు లావు లేనిది, నేను తువ్వాలు పరుచుకుని కూర్చున్న చోటికి పది గజాల్లో నిలువునా నిలబడి ఉంది. అది చూశాక బీచ్‌ని మునుపటిలా చూడలేకపోయాను. అందాకా నా లెక్కలో ఇసుక అంటే సముద్రానికీ కారు పార్కింగ్‌కీ మధ్య ఉన్న ఖాళీ స్థలం.

ఈ చేప పేరు దగ్గర కూడా ఇలాంటి గుడ్డితనమే ఉంది. వైటింగ్ అసలు ఇంగ్లండు పేరు. అక్కడి వైటింగ్ కాడ్ కుటుంబపు చేప, వీపు మీద మూడు రెక్కలుంటాయి. దీనికి రెండే, కుటుంబం వేరు, చుట్టరికమే లేదు. ఓడ దిగి వచ్చినవాళ్లు తెల్లటి మాంసం చూసి, ఊరి మీద బెంగతో ఇంటి పేరు తగిలించేశారు. అమెరికాలో అలల్లో దొరికే ఇంకో జాతినీ వైటింగ్ అనే అంటారు, దానికీ దీనికీ సంబంధం లేదు. వాళ్లని అనడం తేలికే. నేను మాత్రం? మొదటిసారి దీన్ని చేతిలో పట్టుకోగానే నాకు మన తీరపు చేపే గుర్తొచ్చింది. అయితే నా బెంగకి కాస్త ఆధారం ఉంది లెండి. దీని దగ్గరి బంధువు సిల్లాగో సిహామా ఎర్ర సముద్రం నుంచి మన తీరం మీదుగా ఇటుదాకా ఉంది. విశాఖపట్నంలో చేపలు సేకరించిన పాట్రిక్ రస్సెల్ 1803లో రెండు వందల చేపల బొమ్మలతో పుస్తకం వేస్తూ, అక్కడి జనం చెప్పిన పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నాడు. ఈ చేపకి ఆయన రాసుకున్న పేరు సోరింగ్. అంటే 1829లో పారిస్‌లో కువియే అనే జంతుశాస్త్రవేత్త మా ఆస్ట్రేలియా చేపకి సిలియాటా అని పేరు పెట్టేనాటికే, దీని అన్నగారు విశాఖపట్నం పేరుతో పుస్తకానికెక్కి కూర్చున్నాడు. బావకి ఈ సంగతి చెబితే మహా సంబరపడ్డాడు. ఒక వారం పాటు ఫోన్లో అందరికీ సోరింగ్ పట్టానని చెప్పుకున్నాడు. పట్టింది లేదు.

మొత్తానికి చేపకి ఇంగ్లండు పేరు, లాటిన్ పేరు, నా దగ్గర విశాఖ పేరు. ఎరకి మాత్రం ఇక్కడి మూలవాసుల మాటే నిలిచింది. న్యూ సౌత్ వేల్స్‌లో పిప్పీ అనేదాన్ని క్వీన్స్‌లాండ్‌లో పాతవాళ్లు యూగారీ అంటారు. ఈ తీరమంతా మూలవాసులు తిని పోసిన పిప్పీ చిప్పల దిబ్బలున్నాయి. ఈ చోటు సంగతి పేరు పెట్టినవాళ్లకంటే ఆ దిబ్బలు పేర్చినవాళ్లకి బాగా తెలుసునని నా నమ్మకం.

ఇక కొలబద్ద సంగతి. నేనుండేది క్వీన్స్‌లాండ్ వైపు, బావ ట్వీడ్ నది దగ్గర, న్యూ సౌత్ వేల్స్ వైపు. మధ్యలో రాష్ట్రాల సరిహద్దు. మా వైపు శాండ్ వైటింగ్ 23 సెంటీమీటర్లుంటే ఉంచుకోవచ్చు, జాతి బంధువులతో కలిపి 30 చేపల దాకా. బావ వైపు 27 సెంటీమీటర్లుండాలి, 20 చేపలు దాటకూడదు. మా వైపు సముద్రంలో గాలం వేయడానికి లైసెన్సు అక్కర్లేదు. అటు కావాలి, ఏడాదికి 35 డాలర్లు. వేసవిలో గడియారం కూడా గంట తేడా, అటువైపు ముందుకు తిప్పుకుంటారు, మేం తిప్పుకోం. పాయింట్ డేంజర్ అనే కొండకొమ్ముకి ఇటు ఒక బీచ్, అటు ఒక బీచ్, నడిచి పోవచ్చు. 25 సెంటీమీటర్ల చేప అటు ఈదితే పిల్ల, ఇటు ఈదితే కూర. కొత్తలో నేను మా వైపు పట్టిన పాతికవి నాలుగు ఐసు పెట్టెలో వేసుకుని, అక్కయ్యకిద్దామని దర్జాగా సరిహద్దు దాటాను. బావ కొలబద్ద తీసి కొలిచి, తలుపు వేసి, "ఎవరైనా చూశార్రా?" అన్నాడు. అప్పటినుంచి రెండు వైపులా 27కే కట్టుబడ్డాను.

కొలబద్ద మీద నాకు కోపమేమీ లేదు. అది లేకపోతే మనం ఏం మిగులుస్తామో నాకు తెలుసు, నన్ను నేను చూసుకున్నాను కనుక. నా ఫిర్యాదు వేరు. ఆ బద్ద చేతికొచ్చిన చేపని కొలుస్తుంది. ఆ చేప తిన్నదాన్ని, ఆ తిండి ఉన్న ఇసుకని ఏ బద్దా కొలవడం లేదు. మరీ లేదనడం కూడా తప్పే. న్యూ సౌత్ వేల్స్‌లో ఒకరు 50 పిప్పీల కంటే తీయకూడదు, అదీ ఎరకే. పోటు గీత నుంచి 50 మీటర్లు దాటించి తీసుకెళ్లకూడదు. మంచి నియమం. యాభై ఒకటో పిప్పీ నా డబ్బాలో ఉంటే నేను నేరస్థుణ్ని. కానీ అదే రాష్ట్రంలో బండ్లకి అనుమతి ఉన్న బీచ్ మీద, పర్మిట్ అద్దానికి అంటించుకుని, అయిదొందల పిప్పీల మీద నుంచి బండి తోలినా నేరం కాదు.

ఇది ఊరికే లెక్క కోసం అన్న మాట కాదు. బావ ఫోర్ వీల్ డ్రైవ్ కొన్న ఏడు, క్లీవ్‌లాండ్ నుంచి పడవ మీద బండి ఎక్కించుకుని మింజెరిబా ద్వీపానికి వెళ్లాం. నార్త్ స్ట్రాడ్‌బ్రోక్ అనేది దాని ఇంగ్లిష్ పేరు. ఆటు తీసిన వేళ, గట్టి తడి ఇసుక మీద బండి నున్నగా పోతోంది. బీచ్ మీద తోలేవాళ్లకి ఎవరైనా చెప్పే సలహా అదే: పోటుకి రెండు గంటలు అటూ ఇటూ తోలకండి, కిందనున్న గట్టి ఇసుక మీదే వెళ్లండి. బండికి మంచి సలహా. మంచి కాలవ కనపడితే ఆపాం. ఎర కోసం పిప్పీలు వెతుకుదామని మా చక్రపు గాడి పక్కనే కాలితో ఇసుక కెలికాను. నాలుగు వచ్చాయి. ఒకటి బాగుంది, ఇంకోటి బాగుంది. మూడోదాని చిప్ప అంచు పగిలి, లోపలి తెల్లటి పాదం ఇసుకలోకి దిగడానికి తంటాలు పడుతోంది. నాలుగోది రెండు చిప్పలూ నుగ్గయి, పాదం కదలడం లేదు. గాడి తాజాది, ఆ దారిన ఆ పొద్దున మేమే మొదట. అవే రెండూ కొక్కేనికి గుచ్చాం. ఆ రోజు మూడు వైటింగ్‌లు పడ్డాయి. తిన్నాం కూడా. వేపుడులో ముల్లు మెత్తబడి బాగుంటుంది. ఇక్కడివాళ్లు ముల్లు తీసి రెండు రెక్కలుగా పరిచి చేసేదాంట్లో నాకు రుచి తెలియదు.

నా కాలి కింద కనపడ్డది నా ఒక్కడి ఊహ కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. క్వీన్స్‌లాండ్ బీచ్‌ల మీదే పరిశోధకులు ఈ పిప్పీల మీద బండ్లు తోలి, ఎన్ని చచ్చాయో లెక్కపెట్టి చూశారు. గట్టి ఇసుకలో కొంత తట్టుకుంటాయి. ఇసుక మెత్తబడ్డకొద్దీ, బండ్లు తిరిగినకొద్దీ నలిగేవి పెరుగుతాయి. పోనీ పైనున్న పొడి ఇసుక మీద తోలుదామా అంటే, అక్కడ రాత్రిళ్లు తిరిగే దయ్యపు పీతలు చక్రాల కింద పడతాయి. ఎటు తోలినా ఎవరిదో ఇల్లే. కె'గారీ ద్వీపంలో డెబ్బై అయిదు మైళ్ల బీచ్ అని ఒకటుంది. దాని మీద గంటకి 80 కిలోమీటర్ల దాకా పోవచ్చు, పోలీసులుంటారు, సూచిక బోర్డులుంటాయి. స్పీడ్ లిమిట్ ఉన్నచోటు రోడ్డేగా! ఆ ద్వీపానికి ఫ్రేజర్ అన్న పేరు తీసి 2023లో పాత పేరు తిరిగిచ్చారు, సంతోషం. బీచ్ మాత్రం రోడ్డుగానే ఉంది.

ఇసుకని పట్టించుకోకుండా ఏమీ లేరు, అదే తమాషా. ఈ తీరం మీద అలలు ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తూ ఉంటాయి. ట్వీడ్ నది ముఖద్వారం దగ్గర రాతిగోడలు కట్టాక ఆ నడకకి అడ్డం పడింది. అటువైపు ఇసుక పేరుకుంది, ఇటు గోల్డ్‌కోస్ట్ దక్షిణపు బీచ్‌లు చిక్కిపోయాయి. అందుకని 2001 నుంచి రెండు ప్రభుత్వాలూ కలిసి, అవతల ఒడ్డున ఇసుక తోడి, నది కింద గొట్టాల్లో ఇవతలకి పంపు చేస్తున్నాయి. ఏడాదికి సుమారు అయిదు లక్షల ఘనపు మీటర్లు. పడవలకి దారి తెరుచుకుంది, బీచ్‌లు వెడల్పయ్యాయి, అలల మీద స్వారీ చేసేవాళ్లకి ప్రపంచమంతా చెప్పుకునే అల ఒకటి అదనంగా దొరికింది. చేపని 23, 27 అని గీత గీసి విడదీసిన రెండు రాష్ట్రాలు, ఇసుక దగ్గర మాత్రం ఒక్క గొట్టంతో కలిశాయి! 2025 మార్చిలో ఆల్ఫ్రెడ్ తుఫాను వచ్చి గోల్డ్‌కోస్ట్ బీచ్‌లను కోసుకుపోయి మనిషి ఎత్తు గట్లు మిగిల్చినప్పుడు, ఇసుక ఎప్పటికి తిరిగొస్తుందని అందరూ అడిగారు. అందులో బతికేవి ఎప్పటికి తిరిగొస్తాయని అడిగినవాళ్లు నాకొక్కరూ తగల్లేదు.

ఇదిగో, ఈ తుఫాను దగ్గరే బావ నన్ను పట్టుకున్నాడు.

"ఒక్క తుఫాను బీచ్ మొత్తం ఊడ్చుకుపోయిందిరా. నా నాలుగు చక్రాలు దానికి లెక్కా?"

మాట కొట్టిపారేసేది కాదు. అలలు విరిగే చోట బతికేవి దెబ్బలకి అలవాటుపడ్డవే. పిప్పీ ఇసుక కదిలినప్పుడల్లా మళ్లీ తవ్వుకుని దిగుతుంది, పురుగు ఇంకా లోతుకి జారుతుంది. కానీ తుఫాను వచ్చి పోతుంది, మధ్యలో ఊపిరి పీల్చుకునే కాలం ఇస్తుంది. బండ్లు ప్రతి శనాదివారాలూ వస్తాయి, సెలవులొస్తే వరసకట్టి వస్తాయి. అవీ సరిగ్గా ఆటు వేళే, సరిగ్గా ఆ పట్టీ మీదే. అలకి అలవాటుపడ్డంత మాత్రాన రెండు టన్నుల బరువుకీ అలవాటుపడాలని ఎక్కడుంది?

బావ రెండో మాటకి మాత్రం నా దగ్గర గట్టి జవాబు లేదు. ఆయన మోకాలు సరిగ్గా లేదు. చేతికర్రతో నడిచేవాళ్లు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు, మెత్తటి ఇసుకలో కిలోమీటరు నడవలేని ముసలివాళ్లు బండి లేకపోతే ఆ అలని చూడలేరు. వాళ్లని ఆపమని నేననను. నాకు పురుగు పట్టడం నేర్పిన ముసలాయనే ఇప్పుడుంటే నడవగలడో లేదో. నేననేది వాళ్ల గురించి కాదు. నాలాంటి వాళ్ల గురించి, కాళ్లు రెండూ బాగుండి, ఐసు పెట్టె మోయడానికి బద్ధకించి, అలవాటుగా బండి దించే వాళ్ల గురించి. బండ్లు తిరిగే ప్రతి బీచ్‌లో సగమైనా వాటికి మూసేయాలి. మిగతా సగంలో రోజుకి ఇన్నే అని లెక్క పెట్టాలి. చేపకి ఇరవై అని లెక్కపెట్టగలిగినవాళ్లు బండికి లెక్కపెట్టలేరా? అలా చేస్తే పడే చేపలు పెరుగుతాయని నేను హామీ ఇవ్వడం లేదు. అది రుజువు చేసే లెక్క నా దగ్గర లేదు, నా దగ్గరున్నది చక్రపు గాడిలో చూసిన నాలుగు చిప్పలు. యాభై ఒకటో పిప్పీకి శిక్ష వేసే చట్టం ఆ నాలుగింటి గురించి ఏమనుకుంటుందని మాత్రం అడుగుతున్నాను.

పోయిన ఆదివారం బావ వైపు బీచ్‌కి వెళ్లాం. పోటు ఎక్కుతోంది. ఆయన మూడుసార్లు అవతలి తిన్నె దాటించి విసిరాడు. నేను నురుగులో వదిలాను. టక్, టక్, ఆగి మళ్లీ టక్. వైటింగ్ అలాగే తడుతుంది, అప్పుడే లాగితే కొక్కెం ఉత్తగా వస్తుంది. దారం వదులిచ్చి, బిగుసుకున్నాక తిప్పాను. కొలబద్ద మీద పెడితే ఇరవయ్యారున్నర. బావ వంగి చూసి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి చూడమన్నాడు. నొక్కినా ఇరవయ్యారు మీద ముప్పావే.

"మీ వైపైతే కూర" అన్నాడు.

చీలమండ లోతులో వదిలాను. ఆయన కాసేపు దాని వంకే చూసి, తన గుండు వెనక్కి చుట్టేసుకుని, మాట్లాడకుండా వచ్చి నా పక్కన నిలబడి, నాలుగు బారల దూరంలో వేశాడు. రెండు చేపలయ్యాక బేరం పెట్టాడు. వచ్చే నెల మింజెరిబా వెళ్దాం, బండి బీచ్ ద్వారం దగ్గరే ఆపుదాం, అక్కణ్నుంచి నడుద్దాం. మోకాలు తన సంగతి తను చూసుకుంటుందట. ఐసు పెట్టె మాత్రం పోతూ వస్తూ నేనే మోయాలట.